పూచీ యెవరిది?

నిర్గమకాండము 20వ అధ్యాయములోని పది ఆజ్ఞలను మన పిల్లలు సహితము అప్పగింతురు. 22వ అధ్యాయమును మాత్రము పెద్దలును త్వరగా దాటిపోవుదురు. అందులో ఉరుములు లేవు, మెరుపులు లేవు. ఒకడు తన గాడిదనో, ఎద్దునో, సామానునో పొరుగువాని చేతికి అప్పగించిన తరువాత అది దెబ్బతినినను, చచ్చినను, దొంగలపాలైనను తగవు ఎట్లు తీర్పవలెనో ఆ సంగతులే అందులో కలవు. సీనాయి కొండమీది పొగ ఆరకముందే దేవుడు ఇట్టి చిల్లర తగవులను గూర్చి సెలవియ్యవలసి వచ్చెనేమి అని మనకు తోచవచ్చును. అయితే ఇల్లు మార్చుటకు లారీ మాటలాడుకొని, సామాను విరిగి చేరగా, ఎవరిని అడుగవలెనో తెలియక తిరిగిన కుటుంబమునకు ఆ అధ్యాయము చిల్లరది కాదు.

కణేకల్ ప్రాంతమువారికి ఇది దూరపు సంగతి కాదు. తుంగభద్ర ఎగువ కాలువ నీరు సరిగా వచ్చిన యేట మన చెరువు కింద వరి పండును. కాలువకు అందని మెట్ట చేలలో వేరుశనగ వానను నమ్ముకొని యుండును, వాన మాత్రము ఎవరికిని మాట యిచ్చి యుండలేదు. హగరి యొడ్డున గాలికి లేచిన ఇసుక చేల మీద పడుచునేయుండును. కనుక పడుచువారు బళ్లారికి, బెంగుళూరికి, హైదరాబాదుకు పోవుచున్నారు. అక్కడ ఒక గది, ఒక మంచము, ఒక బీరువా, కొన్నాళ్లకు కంతుల మీద ఒక మోటారు సైకిలు సంపాదించుకొందురు. పని మారినప్పుడో, పెండ్లి కుదిరినప్పుడో, ఊరిలో తల్లి మంచమున పడినప్పుడో ఆ సామానంతయు మరల దారి పట్టవలసి వచ్చును.

పూర్వము మన సామాను మోసినవాడు మన కండ్ల యెదుట నుండెడివాడు. లంబాడీలు ఎద్దుల వీపుల మీద ధాన్యమును, ఉప్పును దక్కను మెట్టల వెంట మోసిరి. తరువాత బండివాడు వచ్చెను. రాయదుర్గము తాలూకా ఇంకను బళ్లారి జిల్లాలో నుండిన ఆ దినములలో (1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రముతో కూడ అది మన జిల్లాలో చేరినది) బండివాని పేరును, వాని తండ్రి పేరును, వాని ఎద్దుల రంగును ఊరందరికి తెలిసి యుండెడివి. బస్తా తగ్గినచో సాయంకాలము వాని యింటి అరుగు మీదనే పంచాయతీ జరిగెడిది. ఆ కాలపువారందరు యథార్థవంతులని మేము చెప్పము. తప్పు చేసినవాడు ఎక్కడ దొరకునో తెలిసి యుండెడిదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇప్పుడు ఫోనులో తియ్యగా మాటలాడి ధర చెప్పువాడొకడు, వచ్చి సామాను కట్టువారు వేరొకరు, లారీ యజమాని మరియొకడు, దానిని నడుపువాడు ఇంకొకడు. డబ్బు మొదటివానికి చేరును, సామాను చివరివాని చేతిలో నుండును. ఏదైన చెడినప్పుడు మొదటివాడు చివరివానిని చూపును, చివరివాడు తనకేమియు తెలియదనును. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిమ్మట బోడి మల్లయ్య అని మన పెద్దలు ఏరు దాటినవానిని ఎగతాళి చేసిరి. ఇక్కడ సామెత తిరుగబడినది. సామాను లారీకెక్కు వరకు మనలను అయ్యగారూ, అమ్మగారూ అని పిలిచినవాడు, ఎక్కిన పిమ్మట మన ఫోనునే ఎత్తడు.

ఈ తగవులు రకరకములుగా నుండును. ఎనిమిది వేలని ఒప్పుకొని, సామాను ఎక్కించుకొన్న తరువాత పదునాలుగు వేలిచ్చిననేగాని దింపమని దారిలో ఆపివేయుట అన్నిటికంటె క్రూరమైనది. చంటిబిడ్డ పాలగిన్నెయు, ముసలితండ్రి మందుల పెట్టెయు ఆ లారీలోనే యుండును గనుక ఇంటివారు అప్పు తెచ్చియైనను చెల్లింతురు. ఇది వ్యాపారము కాదు, సామానును చెరపట్టుట. లాబాను తన జీతమును పది మారులు మార్చెనని యాకోబు మొరపెట్టుకొనిన సంగతి ఆదికాండము 31వ అధ్యాయములో మీరెరుగుదురు. ఒప్పుకొన్న మాటను, ఎదుటివాడు తప్పించుకొనలేని చోట మార్చుట లాబాను దినములనుండియు ఉన్నదే. ఇక మోటారు సైకిలు గీతలు పడి వచ్చుట, అద్దము విరుగుట, ట్యాంకు సొట్టపోవుట, వారములో చేరునన్న బండి నెలకును చేరకపోవుట నిత్యము వినుచున్న సంగతులే.

ఇట్టి నష్టము కలిగినప్పుడు పూచీ యెవరిది? ఈ ప్రశ్నకు మోషే ధర్మశాస్త్రము ఇచ్చిన జవాబును మనము నిదానముగా చూడవలెను. అప్పగించిన పశువు ఎవరును చూడనప్పుడు చచ్చినయెడల, దానిని ఉంచుకొనినవాడు దేవుని యెదుట ప్రమాణము చేయవలెను. దొంగిలింపబడినయెడల వాడు నష్టము పెట్టుకొనవలెను. మృగము చీల్చినయెడల ఆ చీల్చబడిన దానిని తెచ్చి సాక్ష్యముగా చూపవలెను. గమనించితిరా, ఈ మూడింటిలోను నోరు తెరువవలసినవాడు పోగొట్టుకొనినవాడు కాదు, చేతిలో ఉంచుకొనినవాడు. ఎవరును చూడలేదన్న మాటలోనే దీనికి కారణము కలదు. రాత్రి అడవిలో ఏమి జరిగెనో సొంతదారునికి ఎట్లు తెలియును? తెలిసినవాడు ఒక్కడే. కనుక నిజము చెప్పు భారము వాని మీదనే పడినది.

ఇది ఒక్క ఇశ్రాయేలీయుల న్యాయము మాత్రమే కాదు. 1785లో ఇంగ్లాండులో మాన్స్‌ఫీల్డ్ ప్రభువను న్యాయాధిపతి యెదుటికి ఒక వ్యాజ్యెము వచ్చెను. రవాణాదారునికి అప్పగించిన సరుకు, అతని తప్పేమియు లేకయే, దగ్గర లేచిన అగ్నికి కాలిపోయెను. అయినను అతడే నష్టపరిహారము ఇయ్యవలెనని తీర్పాయెను. దైవికమైన ఉపద్రవమో, రాజు శత్రువుల చేతనో తప్ప పోయిన సరుకునకు మోయువాడే పూచీపడవలెనని వారి సూత్రము. అట్లు కానియెడల మోయువాడు దొంగలతో కలిసి సరుకును పంచుకొని, దారిలో పోయినదని చెప్పినచో దానిని అబద్ధమని రుజువుపరచుట ఎవరి తరమును కాదని వారు తలంచిరి.

ఈ సూత్రమే 1865లో మన దేశపు క్యారియర్స్ చట్టముగా వచ్చినది. అప్పటికి మన వైపు మోటారు లారీ అన్నమాటయే లేదు. సరుకు పోయినందుకు దావా వేసినవాడు మోయువాని అజాగ్రత్తను రుజువు చేయనక్కరలేదని ఆ చట్టము చెప్పెను. దానికి బదులుగా 2007లో రోడ్డు రవాణా చట్టము చేయబడి 2011లో అమలునకు వచ్చినది. ఇందులోను ఆ మూలసూత్రము నిలిచియే యున్నది. దైవికమైన ఉపద్రవము, యుద్ధము, అల్లరులు మొదలగు కొన్నిటిని మినహాయించి, తన చేతిలో నుండగా పోయినదానికి రవాణాదారుడే బాధ్యుడు.

అయితే రసీదు వెనుక చీమతలకాయలంత అక్షరములతో వేరొక సువార్త అచ్చువేసి యుందురు. సామాను సొంతదారుని పూచీ మీదనే పోవునని యుండును. తగవు వచ్చినచో ఫలాని పట్టణపు కోర్టులోనే తేల్చుకొనవలెనని యుండును. కంటి అద్దములు లేని ముసలివాడును, తెలుగు తప్ప ఎరుగని తల్లియు దానికింద చేవ్రాలు చేయుదురు. ఆ చేవ్రాలుతో పూచీ యంతయు వారి తలమీదికి పోవునా?

కేవలము అట్లు పోదని మన న్యాయస్థానములు చెప్పినవి. తమిళనాడులోని బోడినాయకనూరు నుండి ఢిల్లీకి పంపిన యేలకులు అక్కడి గోదాములో నిప్పుపాలైనప్పుడు, దావా బొంబాయిలోనే వేయవలెనని పటేల్ రోడ్‌వేస్ కంపెనీ తన రసీదులోని షరతును చూపెను. కంపెనీకి శాఖ యుండి సరుకు అప్పగించిన చోటి కోర్టును అట్టి షరతు తప్పింపజాలదని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పినది. అదే కంపెనీ మీది మరియొక వ్యాజ్యెములో, అజాగ్రత్తను రుజువు చేయనక్కరలేదను సూత్రము వినియోగదారుల న్యాయస్థానములలోను చెల్లునని 2000లో చెప్పినది. 2020 జూలైలో అమలునకు వచ్చిన క్రొత్త వినియోగదారుల రక్షణ చట్టమును బట్టి, ఫిర్యాదు చేయువాడు తాను నివసించు జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. కణేకల్ వాడు బెంగుళూరు కంపెనీ మీద అనంతపురములో అడుగవచ్చునన్నమాట.

ఇంతవరకు వినినవారు మనదే న్యాయమని సంతోషించి యుందురు. కొంచెము ఆగవలెను. ధర్మము రెండు వైపుల పదును గల కత్తి.

రోడ్డు రవాణా చట్టములోని మరియొక నియమమును మనలో చాలమంది ఎరుగరు. పంపువాడు హెచ్చు విలువను వ్రాయించి, దానికి తగిన హెచ్చు కిరాయికి ఒప్పుకొనిననే తప్ప, రవాణాదారుని బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. మూడు వేల కిరాయికి పంపిన తొంబది వేల మోటారు సైకిలు నుజ్జయినచో, ఈ నియమము ప్రకారము వచ్చునది ముప్పది వేలకు మించదు. ఇది అన్యాయమని మొదట తోచును. కాని తాను మోయునది ఇత్తడి చెంబో బంగారు గొలుసో తెలియకుండ పూచీ పడుమనుట మాత్రము న్యాయమా? 1865 నాటి చట్టములోనే, బంగారము మొదలగు విలువగల వస్తువులు నూరు రూపాయలకు మించినచో ముందుగా చెప్పవలెనని యుండెను. చెప్పనివానికి పరిహారము లేదు.

మన యిండ్లలో జరుగునదేమి? కిరాయి తగ్గునని విలువ తక్కువ వ్రాయింతుము. పది పెట్టెలని చెప్పి పదునాలుగు ఎక్కింతుము. బియ్యపు డబ్బాలో నగలు దాచి, ఎవరికిని చెప్పము. నష్టము కలిగినప్పుడు మాత్రము పాత బీరువాను క్రొత్తదానిగాను, అంతకుముందే పడిన సొట్టను లారీలో పడినదిగాను చెప్పుదుము. కంపెనీవాడు ధనికుడు, వానికేమి తక్కువ అని మనస్సునకు సమాధానము చెప్పుకొందుము. యాకోబు అదే అధ్యాయములో లాబానును మరియొక సంగతిలో గద్దించెను. మృగములు చీల్చిన దానిని సహితము లాబాను అతని చేతనే కట్టించుకొనెనట. చీల్చబడిన దానిని చూపినచో కాపరికి విడుదల యని నిర్గమకాండము చెప్పుచుండగా, సొంతదారుడైన లాబాను రావలసిన దానికంటె ఎక్కువ పిండుకొనెను. మాట మార్చు కంపెనీలో మాత్రమే కాదు, అబద్ధపు లెక్క చెప్పు సొంతదారునిలోను లాబాను కలడు.

ఇక మన సంఘములలో తరచుగా వచ్చు అసలు ప్రశ్న. విశ్వాసి వ్యాజ్యెమాడవచ్చునా? కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయములో, ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కుటకంటె అన్యాయము సహించుట మేలు కాదా అని పౌలు అడిగెను. ఈ మాటను చూపి మన పెద్దలలో కొందరు, పోయినది పోయినది, ప్రభువునకు అప్పగించుమని నష్టపడినవారిని పంపివేయుదురు. వారి భక్తిని మేము తక్కువ చేయము. కాని పౌలు అక్కడ మాటలాడినది ఒకే బల్లయొద్ద చేయి చాపు సహోదరుల తగవును గూర్చి. సహోదరుల మధ్య తీర్పు తీర్చుటకు సంఘములోనే జ్ఞానవంతుడు దొరకవలెనని ఆయన కోరెను. ముఖమెరుగని కంపెనీని మన పెద్దలు ఏ అరుగు మీదికి పిలువగలరు? ఫిలిప్పీలో విచారణ లేకుండ కొట్టించి చెరసాలలో వేసిన న్యాయాధిపతులు రహస్యముగా పంపివేయజూచినప్పుడు, వారే వచ్చి తమ్మును వెలుపలికి తీసికొని పోవలెనని చెప్పినవాడును ఈ పౌలే. ఆయన డబ్బు అడుగలేదు. జరిగిన తప్పు బహిరంగముగా ఒప్పుకొనబడవలెనని అడిగెను. ఆయన వెడలిపోయిన తరువాత లూదియ మొదలగు క్రొత్త విశ్వాసులు ఆ పట్టణములో బ్రదుకవలసి యుండిరి గదా.

మేము ఇట్లు తలంచుచున్నాము. నా సొత్తును గూర్చిన నా కోపమును నేను విడిచిపెట్టవచ్చును, అది నాది. కాని నా తరువాత అదే కంపెనీకి తన మంచమును, తన పిల్లల పుస్తకములను అప్పగింపబోవు విధవరాలి నష్టమును క్షమించు అధికారము నాకెవరిచ్చిరి? నేను భయముచేతనో, బద్ధకముచేతనో ఊరకుండి, దానికి క్షమాపణ అని పేరు పెట్టుకొనరాదు. తప్పు చేసినవాడు నోరు తెరచిన తరువాత, పరిహారములో కొంత విడిచిపెట్టుటయు, అంతయు విడిచిపెట్టుటయు నా యిష్టము. వాడు నోరు తెరువకముందే విడిచిపెట్టినచో వానికి తాను చేసినది తప్పని సహితము తెలియదు.

అయినను అడుగు పద్ధతి యొకటి కలదు. మత్తయి సువార్త 18వ అధ్యాయములో ప్రభువు చూపిన క్రమము మొదట ఒంటరిగా తెలుపుట, పిదప ఇద్దరు ముగ్గురు సాక్షులు, అటు పిమ్మట సంఘము. చట్టము ఆశ్చర్యముగా దీనికి దగ్గరగా నడచుచున్నది. రోడ్డు రవాణా చట్టము ప్రకారము, సరుకు బుక్ చేసిన దినమునుండి 180 దినములలోగా వ్రాతమూలకమైన నోటీసు ఇయ్యనిదే దావా చెల్లదు. రైలు పార్సిలులో పంపిన బండికైతే ఆరు నెలలలోగా రైల్వేవారికి నోటీసు ఇయ్యవలెను. 1915 నంబరునకు ఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము కంపెనీతో మాటలాడి చూచును. అప్పటికిని తీరనిచో రెండు సంవత్సరములలోగా జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. ఐదు లక్షల వరకు అక్కడ రుసుము లేదు, వకీలు లేకయే మాటలాడవచ్చును. వ్యాపారపు సరుకు పంపు వర్తకునికి మాత్రము సాధారణముగా ఈ ద్వారము తెరువబడదు, అతడు సివిలు కోర్టుకు పోవలెను.

నోటి మాట నిలువదు గనుక కాగితము ముఖ్యము. ఎక్కించుటకు ముందు ప్రతి వస్తువును, మోటారు సైకిలును నాలుగు ప్రక్కల, ఫోనులో ఫొటో తీసికొనుడు. కిలోమీటర్ల అంకెను సహితము తీయుడు. కంపెనీకి రోడ్డు రవాణా చట్టము కింద రిజిస్ట్రేషను కలదేమో అడుగుడు. ధర యెంతయో, అందులో హమాలీ కలదో లేదో, ఏ దినమున చేర్చుదురో వ్రాయించుకొనుడు. నిజమైన విలువను వ్రాయించుడు. సామాను దింపునప్పుడు, విప్పి చూడకముందే అంతయు బాగుగా చేరెనని చేవ్రాలు చేయకుడు. విరిగినదానిని ఆ కాగితము మీదనే వ్రాసి, దానికింద చేవ్రాలు చేయుడు. చదువురాని ఇంటివారికి ఆ దినమున సంఘములోని చదువుకొనిన పడుచువాడొకడు తోడుగా నిలువబడినచో, అది ఆదివారపు పాటకంటె తక్కువ సేవ కాదు.

డ్రైవరును గూర్చి ఒక మాట చెప్పవలెను. మన కోపము నిజముగా చేరవలసిన చోటికి చేరక, తరచుగా అతని మీదనే పడును. కంపెనీవాడు ఫోను ఎత్తడు. డ్రైవరు మన వాకిట నిలువబడి యున్నాడు. అతడు రాత్రియంతయు నడపి వచ్చెను, మనకు చెప్పిన ధర అతనికి తెలియదు, పై డబ్బు వసూలు చేయనిదే రావద్దని అతనికి ఆజ్ఞ. లారీ చుట్టు పదిమంది చేరి తాళములు లాగికొని, క్లీనరు పిల్లవానిని కొట్టిన సంగతులును వినుచున్నాము. ఆ పిల్లవాడు కూడ ఏదో కరవుసీమ నుండి పనికి వచ్చినవాడే అయి యుండును. అతని చేతికి మంచినీళ్లిచ్చి, కాగితము మీద మన ఫిర్యాదు వ్రాసి, అతని పేరును బండి నంబరును తీసికొని, అతని యజమానితో తగవాడవలెను.

ఒక్క సంగతి మిగిలినది. కొన్నిసార్లు తగవాడుటకు యజమానియే యుండడు. ముందుగా డబ్బు పుచ్చుకొన్న ఫోను మోగదు, ఆఫీసున్న గదికి వేరొక బోర్డు కట్టియుండును, పేరున్న కంపెనీ పేరునకు ఒక అక్షరము మార్చి పెట్టుకొనిన దొంగపేరని అప్పుడు తెలియును. అప్పుడిది పరిహారపు తగవు కాదు, నేరము. నమ్మి అప్పగించిన సొత్తును మోయువాడే అపహరించుట 1860 నాటి శిక్షాస్మృతిలోనే ప్రత్యేకమైన నేరముగా నుండెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోను దానికి ఏడేండ్ల వరకు శిక్ష కలదు. పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాసియిచ్చి, రసీదు తీసికొనవలెను. సామాను దొరకవచ్చును, దొరకకపోవచ్చును. ఈలోగా బెంగుళూరునుండి వట్టిచేతులతో వచ్చిన ఆ కుటుంబము ఈ రాత్రి చాప మీదనే పండుకొనుచున్నది, వారికి రెండు దుప్పట్లు, వంట గిన్నెలు, పిల్లకు బడి పుస్తకములు కావలెను. కోర్టు తీర్పు వచ్చువరకు అవి ఆగవు, సంఘ పెద్దలు ఈ వారమే చూడవలసిన పని.